క్లాజు మూడు

గుంటూరు జిల్లా కోర్టు గోడ పక్కన
రేకు నీడలో నా టైపు మిషను.
'ర' అక్షరం సగం అరిగిపోయింది,
నా దగ్గర కొట్టించిన అర్జీలన్నీ కాస్త నత్తిగా మాట్లాడతాయి.

మిర్చి యార్డు నుంచి తిన్నగా వచ్చింది తలతోటి కరుణమ్మ.
తొడిమలు తీసిన చేతులు.
ఆమె బల్ల మీద కూర్చుందో లేదో నాకు మూడు తుమ్ములు.
సంచీలోంచి కవరు, కవరులోంచి ఇంకో కవరు,
అందులోంచి ఢిల్లీ కాగితం:
మేజర్ తలతోటి జయశీలరావుకు
మరణానంతరం శౌర్య పతకం ప్రసాదించు బిల్లు.
ఎవరో ఎంపీగారు సొంతంగా పెడుతున్నాడట.
"తెలుగు చెయ్యండి. మీ కోర్టు తెలుగు కాదు,
నాకు తెలిసే తెలుగు."

క్లాజు ఒకటి. ఈ చట్టమును ఫలానా చట్టమని పిలువవచ్చును.
"పిలవండి" అంది.

క్లాజు రెండు. ఏ నిబంధనలో ఏమున్నప్పటికీ,
గడువు మించినప్పటికీ...
కాగితానికి చెయ్యి అడ్డం పెట్టింది.
"గడువేంటి?"
చనిపోయిన ఇన్నేళ్ళలోపు సిఫారసు వెళ్ళాలమ్మా,
వెళ్ళకపోతే కాలదోషం పడుతుంది.
"ప్రోనోటుకు పట్టినట్టా?"
ప్రోనోటుకు పట్టినట్టే.
"మా అన్న ఎవరికి బాకీ ఉన్నాడని?"
నేను రిబ్బను సరిచేసుకుంటూ ఉండిపోయాను.

క్లాజు మూడు. శత్రువుల గుండ్ల వానలో
ఒంటరిగా స్థావరమును కాపాడుతూ...
"ఒంటరిగా కాదు."

ఈసారి సంచీ అడుగు నుంచి నీలం ఇన్‌లాండు ఉత్తరం.
మడతల దగ్గర చిరిగి, టేపు వేసి, ఆ టేపూ పసుపెక్కింది.
ఎవరో హవల్దారు రాయించిన ముక్కలు:
గుండ్లు పడుతున్నాయని అందరమూ దిగాము.
కింద లెక్క చూస్తే వంటవాడు లేడు, కుంజుమోన్.
సాబ్ ఒక్క తిట్టు తిట్టి మళ్ళీ ఎక్కాడు.
మూడో రోజు మంచు తవ్వితే ఇద్దరూ దొరికారు.
సాబ్ కోటు కుంజుమోన్ ఒంటి మీద ఉంది.

"ఆ పిల్లాడి పేరు పడాలి" అంది కరుణమ్మ.
బిల్లు నేను మార్చలేనమ్మా.
అసల్లో ఉన్నదే నకల్లో ఉండాలి.
"అసలు ఎక్కడుందో ఈ ఉత్తరం చదివాక కూడా మీకు తెలియదా?"

ముప్పై నాలుగేళ్ళుగా కొడుతున్నాను.
విడాకులు కొట్టాను, వీలునామాలు కొట్టాను,
బతికున్నవాణ్ణి చనిపోయాడని కొట్టాను, పేజీకి ఇరవై రూపాయలు.
ఏనాడూ లేని మాట ఒక్కటి కలపలేదు.
ఆ పూట క్యారేజీ వెనక్కి నెట్టాను.
'ఒంటరిగా' మీద నాలుగు అడ్డగీతలు.
పైన ఇరుకులో: వంటవాడు కుంజుమోన్ కోసం వెనక్కి వెళ్ళి.
ఆ పేరులో 'ర' లేదు.
కాగితం మొత్తానికి నత్తి లేకుండా పడిన పేరు అదే.

తర్వాత సంగతి పేపర్లో లోపలి పేజీలో వచ్చింది.
శుక్రవారం మధ్యాహ్నం సొంత బిల్లుల వేళ.
సభ్యులు సగంమంది అప్పటికే ఇంటి రైలెక్కారు.
అనుమతి కోరారు, ఔననేవాళ్ళు ఔనన్నారు,
నిమిషంన్నర పట్టింది.
చర్చకు వరస రాలేదు. సభ రద్దయింది.

బిల్లు మురిగిపోయిందమ్మా అని చెప్పాను.
అది సర్కారు మాట, నాది కాదు.
కరుణమ్మ మొహంలో ఏమీ కదల్లేదు.
"మురిగితే పారబోస్తారా?
మేం తాలుకాయ ఏరేసి, మిగతాది మళ్ళీ ఎండలో పోస్తాం.
రేటు తగ్గుద్ది. ఘాటు తగ్గదు."

ఇరవై రూపాయల నోటు బల్ల మీద పెట్టింది.
వద్దన్నాను. విన్లేదు.
"ఇంకో కాపీ కొట్టండి.
ఈసారి ఆ అబ్బాయి పేరు ఇరుకులో కాదు,
వరసలో పెట్టండి."

కార్బను కాగితం నోటి ముందు పట్టి ఊదాను.
మళ్ళీ తుమ్ము వచ్చింది.